బెంగళూరులో ఉద్యోగం పోయాక ఇంటి ఖర్చు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ ముట్టుకోకూడదు

ఉద్యోగం పోయిన మర్నాడు అందరం చేసే మొదటి పని టీ టిఫిన్ల మీద పడటం. బయట తినడం బంద్, స్విగ్గీ తీసేయడం, పిల్లాడు ఐస్‌క్రీమ్ అడిగితే కసరడం. తప్పని అనను గానీ, నెలకి డెబ్బై ఎనభై వేలు ఖర్చయ్యే ఇంట్లో ఇవన్నీ కలిపినా ఐదారు వేలు దాటవు. అసలు డబ్బంతా మన చెయ్యి తగలకుండానే వెళ్ళిపోతుంటుంది: అద్దె, మెయింటెనెన్స్, ఈఎంఐలు, ఆటోపేలు, స్కూల్ వ్యాన్. ఒకటో తారీఖున మొదలై ఐదో తారీఖుకల్లా అకౌంట్ ఊడ్చేసేవి ఇవే. కోత ఇక్కడి నుంచి మొదలుపెట్టండి, అదీ మొదటి రెండు వారాల్లోనే. డబ్బంతా అయిపోయాక ఓనరుతో మాట్లాడటం వేరు, మూడు నెలల అద్దె చేతిలో ఉండగా మాట్లాడటం వేరు.

మారతహళ్ళి, బీటీఎం, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే మనవాళ్ళని మనసులో పెట్టుకుని రాస్తున్నా. వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళకి పథకాల పేర్లు మారతాయి, మిగతా లెక్క చాలావరకు పనికొస్తుంది.

దానికి ముందు ఒక్క మాట. భార్యకో భర్తకో ఆ రోజే చెప్పేయండి. రోజూ పొద్దున్నే ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని ఎక్కడో కూర్చుని సాయంత్రం ఇంటికొచ్చేవాళ్ళు నిజంగానే ఉన్నారు. పరువు సంగతి పక్కన పెట్టినా, ఇంటి ఖర్చుల్లో సగం మీకు తెలియనే తెలియవు, అవి తెలిసిన మనిషి పక్కన లేకుండా మీరు వేసే లెక్క గాల్లో లెక్కే. ఊళ్ళో అమ్మానాన్నలకి ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇష్టం. బీపీ ఉన్న పెద్దవాళ్ళయితే కొంచెం ఆగొచ్చు.

ముందు బ్యాంకు అకౌంట్

మూడు నెలల స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి ఇద్దరూ కూర్చుని లైను లైనుగా చూడండి. దానంతటదే కట్ అయిన ప్రతిదాని కిందా గీత పెట్టండి. ఓటీటీలు, క్లౌడ్ స్టోరేజీ, పిల్లల కోడింగ్ క్లాసు యాప్, జనవరిలో ఉత్సాహంగా చేరి మార్చికి మర్చిపోయిన జిమ్, ఫ్రీ ట్రయల్ అని కార్డు ఇచ్చిన ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. ఫోన్లో యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఉంటుంది, అందులోకి వెళ్ళి రద్దు చేయాలి. కార్డు మీద పెట్టినవాటిని బ్యాంకు సైట్లో మాండేట్స్ (డబ్బు కట్ చేసుకోమని మీరిచ్చిన అనుమతులు) దగ్గర వెతకాలి.

మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసే సిప్‌లు ఉంటే పాజ్ చేయండి, చాలా ఫండ్ కంపెనీలు కొన్ని నెలలపాటు ఆపుకోనిస్తాయి. డబ్బు లేకపోతే అదే ఆగిపోతుందిలే అని వదిలేయకండి. ఫండ్ వాళ్ళు ఏమీ అనరు గానీ, మాండేట్ బౌన్స్ అయినందుకు మీ బ్యాంకు ప్రతిసారీ కొన్ని వందలు జీఎస్టీతో సహా లాగేస్తుంది. నాలుగు సిప్‌లుంటే నాలుగు సార్లు.

చాలామంది చూసుకోనిది ఇంకోటుంది, శాలరీ అకౌంట్. వరసగా మూడు నెలలు జీతం పడకపోతే చాలా ప్రైవేటు బ్యాంకులు దాన్ని మామూలు సేవింగ్స్ అకౌంట్‌గా మార్చేస్తాయి. అక్కడి నుంచి మినిమమ్ బ్యాలెన్స్ లేదని ఫైన్లు మొదలు. ఎస్‌బీఐ 2020 నుంచి మామూలు సేవింగ్స్ అకౌంట్లకి ఆ ఫైను తీసేసింది, ఊళ్ళో మీకు పాత ఎస్‌బీఐ అకౌంట్ ఉంటే ఇప్పుడు దాన్ని బయటికి తీయండి. ఖర్చుల డబ్బు అందులో వేసుకుని, జీతం అకౌంట్లో ఈఎంఐకి కావలసినంతే ఉంచితే సరిపోతుంది.

క్రెడిట్ కార్డు బిల్లులో కనిపించే మినిమమ్ డ్యూ జోలికి పోవద్దు. అది కట్టేసి హమ్మయ్య అనుకుంటే మిగిలిన దాని మీద నెలకి మూడు, మూడున్నర శాతం వడ్డీ నడుస్తుంది, అంటే ఏడాదికి నలభై శాతం చుట్టుపక్కల. పైగా ఆ తర్వాత కొన్నవాటి మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకుని కార్డు మొత్తం కట్టేయడం మేలు, వడ్డీ దాంట్లో మూడో వంతు కూడా ఉండదు. బంగారం తాకట్టు అనగానే మనకి ఏదో ఇల్లు కూలిపోయినట్టు ఉంటుంది గానీ, బీరువాలో ఊరికే పడున్న గొలుసు ఇలాంటప్పుడు కాక ఇంకెప్పుడు పనికొస్తుంది. ఫోన్లో ఐదు నిమిషాల్లో లోన్ ఇస్తామనే యాప్‌ల వైపు మాత్రం చూడనే చూడకండి. వాళ్ళు మీ కాంటాక్టుల్లో ఉన్న అందరికీ ఫోన్ చేసే రోజు వస్తుంది.

హోమ్ లోన్, కార్ లోన్ ఉంటే మొదటి ఈఎంఐ బౌన్స్ కాకముందే బ్రాంచికి వెళ్ళి మాట్లాడండి. గడువు పెంచి నెల కంతు తగ్గించమని అడగొచ్చు. ఒప్పుకుంటారని గ్యారంటీ లేదు, కానీ రెండు బౌన్సుల తర్వాత వెళితే మాత్రం మీ మాట వినేవాళ్ళుండరు.

అద్దె: ఎక్కువ డబ్బు మిగిలేది ఇక్కడే

బెంగళూరు ఓనర్ల దగ్గర మన డబ్బు ఎంత ఇరుక్కుని ఉంటుందో మనకి ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ గుర్తుండదు. ఒకప్పుడు పది నెలల అద్దె అడ్వాన్సు, ఇప్పుడు చాలాచోట్ల మూడు నుంచి ఆరు నెలలు. పాత ఓనర్లు కొందరు ఇంకా పది దగ్గరే ఉన్నారు. ఏ రకంగా చూసినా అది లక్ష దాటిన సొమ్ము, వడ్డీ లేకుండా వాళ్ళ దగ్గర కూర్చుంది.

ఒక లెక్క వేద్దాం. మీరుండేది 28 వేల అద్దె, 4 వేల మెయింటెనెన్స్ ఉన్న గేటెడ్ అపార్ట్‌మెంట్. అడ్వాన్సు లక్షన్నర ఇచ్చారు. హూడి, రామమూర్తి నగర్, కగ్గదాసపుర లాంటి చోట్ల లోపలి వీధుల్లో ఇండిపెండెంట్ ఇంటి పైపోర్షన్ 18 వేలకి దొరికింది, నీళ్ళకి ఇంకో 500. నెలకి 13,500 మిగులు. ఇంత మిగులుతుంటే రేపే మారిపోదాం అనిపిస్తుంది. ఆగండి, మారడానికి అయ్యే ఖర్చు చూడండి. పాత ఓనరు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకుంటాడు, 28 వేలు. సామాన్లకి టెంపో, కూలీలు కలిపి ఏడు వేలు. బ్రోకరుకి కొత్తింటి నెల అద్దె, 18 వేలు. మొత్తం 53 వేలు, అంటే నాలుగు నెలల మిగులు దానికే పోయింది. మీకు రెండు నెలల్లో ఉద్యోగం వచ్చేస్తే మీరు నష్టపోయినట్టే. అదే బ్రోకరు లేకుండా, సాయంత్రం పూట వీధులు తిరిగి టు-లెట్ బోర్డు చూసి నేరుగా ఓనరుతో మాట్లాడితే 35 వేలతో పోతుంది, మూడో నెలకి గట్టెక్కుతారు. పైగా పాత అడ్వాన్సుకీ కొత్త అడ్వాన్సుకీ ఉన్న తేడా చేతికొస్తుంది, మన పరిస్థితిలో నెలవారీ మిగులు కన్నా అదే ముఖ్యం కావచ్చు.

మీ నంబర్లు వేరుగా ఉంటాయి, లెక్క మాత్రం ఇదే. అద్దె తేడా నెలకి ఆరేడు వేల లోపు అయితే కదలకండి. పది పైన అయితే ఆలోచించండి.

కొత్త ఇల్లు చూసేటప్పుడు మొదట అడగాల్సింది గాలీ వెలుతురూ కాదు, కావేరీ నీళ్ళా, బోరా, ట్యాంకరా అని. 2024 మార్చిలో ఊరంతా ట్యాంకర్ల వెంట పడ్డ రోజులు ఇక్కడున్నవాళ్ళెవరూ మర్చిపోరు. అద్దె రెండు వేలు తక్కువని శివార్లలో దిగి, ఎండాకాలం ట్యాంకర్ల వాటా కడుతూ కూర్చుంటే మిగిలేదేమీ ఉండదు. పైపోర్షన్ వాళ్ళకి నీళ్ళు ఎన్ని గంటలకి వదులుతారో ఓనర్ని కాదు, కింద అద్దెకుండే వాళ్ళని అడగండి.

మారకుండా ఉండాలనుకుంటే ఓనరుతో మాట్లాడటం ఒక్కటే దారి. చాలామంది మొహమాటంతో అడగరు. అగ్రిమెంట్లో అడ్వాన్సు అద్దెలో పట్టుకోకూడదని రాసే ఉంటుంది, అయినా అడగొచ్చు, మనిషిని బట్టి ఉంటుంది. "అంకుల్, ఉద్యోగం మారుతున్నా, రెండు నెలలు అడ్వాన్సులో సర్దుకోండి, చేరగానే మళ్ళీ నింపుతా" అంటే ఒప్పుకున్న ఓనర్లున్నారు, ముఖ్యంగా అదే బిల్డింగులో కింద ఉండేవాళ్ళు, మీరు రెండు మూడేళ్ళుగా టైముకి కడుతున్నవాళ్ళయితే. ఒప్పుకుంటే అదే రోజు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి, "ఈ రోజు మనం మాట్లాడుకున్నట్టు ఫలానా రెండు నెలల అద్దె అడ్వాన్సులోంచి" అని. ఆయన నుంచి సరే అని ఒక్క ముక్క వస్తే చాలు. పదకొండు నెలలకోసారి పెంచే ఐదు శాతం కూడా ఈ ఏడాదికి వద్దనమని అదే మాటల్లో అడిగేయండి.

పెద్దది ఇంకోటుంది, కొందరికే కుదురుతుంది. పిల్లలు బడికి వెళ్ళే వయసు కాకపోతే, లేదా ఏప్రిల్ మే సెలవులైతే, కుటుంబం ఊరికి వెళ్ళి మీరొక్కరే పీజీలో ఉండటం. షేరింగ్‌లో భోజనంతో కలిపి ఎనిమిది పది వేలకి దొరికే పీజీలు మారతహళ్ళి, బీటీఎంలలో వీధికి నాలుగున్నాయి, మనవాళ్ళు నడిపేవే ఎక్కువ, గోంగూర పప్పు కూడా దొరుకుతుంది. సామాన్లు తెలిసినవాళ్ళింట్లో ఒక గదిలో పెట్టుకోనిస్తే దీన్ని మించిన పొదుపు లేదు. కానీ నోటీసు పీరియడ్ నెలా, రెండు నెలలా అన్నది అగ్రిమెంట్లో చూసుకుని ముందే చెప్పాలి, లేకపోతే అడ్వాన్సులోంచి ఆ నెల అద్దె కూడా పోతుంది. అత్తారింట్లోనా అమ్మగారింట్లోనా అన్న చర్చ మీరిద్దరూ తేల్చుకోండి, అందులో నేను వేలు పెట్టను.

కరెంటు బిల్లు

కర్ణాటక ప్రభుత్వ ఫ్రీ కరెంటు పథకం గృహజ్యోతి అంటే 200 యూనిట్ల వరకు ఫ్రీ అని చాలామంది అనుకుంటారు. అలా కాదు. ఆ మీటరు మీద 2022-23లో నెలకి సగటున ఎంత వాడారో దానికి పది శాతం కలిపి, అంతవరకే ఫ్రీ. మీ ఇంటి మీటరుకి అది 90 యూనిట్లని వచ్చిందనుకోండి, 120 వాడితే 30 యూనిట్లకే బిల్లు వస్తుంది. 200 దాటారో, ఫ్రీ అనేదే ఉండదు, మొదటి యూనిట్ నుంచీ మొత్తం కట్టాలి. 198 యూనిట్ల ఇంటికీ 203 యూనిట్ల ఇంటికీ బిల్లులో వందల రూపాయల తేడా అందుకే. పాత లెక్కలు లేని కొత్త మీటరు అయితే 58 యూనిట్లే ఇస్తారు.

అద్దెకుండేవాళ్ళూ పెట్టుకోవచ్చు. కర్ణాటక ప్రభుత్వ సేవాసింధు పోర్టల్లో ఆధార్, బెస్కామ్ (ఇక్కడి కరెంటు సంస్థ) బిల్లు మీదుండే అకౌంట్ ఐడీతో అప్లై చేయాలి. ముందున్నవాళ్ళు తమ ఆధార్ లింకు తీసేయకుండా వెళ్ళిపోతే మీది ఎక్కదు, డీలింక్ చేసుకునే వీలు 2024లో ఇచ్చారు. మీరు ఇల్లు మారేటప్పుడు కూడా మీది తీసేసుకుంటేనే కొత్తింట్లో పెట్టుకోగలరు.

200 దాటకుండా ఉండాలంటే చూడాల్సింది ఫ్యాన్లు, లైట్లు కాదు, గీజరు. రెండు కిలోవాట్ల గీజరు గంట వెలిగితే రెండు యూనిట్లు. రోజుకో గంటయితే నెలకి 60. పొద్దున్నే ఆన్ చేసి ఇంట్లో అందరూ ఒకరి తర్వాత ఒకరు వెంటనే స్నానాలు చేసేస్తే, మధ్యలో చల్లారి మళ్ళీ కాగే పని ఉండదు. పోయిన బిల్లు రీడింగ్ తీసిన ఇరవయ్యో రోజున ఒకసారి మీటరు దగ్గరికి వెళ్ళి రీడింగ్ చూసుకునే అలవాటు పెట్టుకోండి. పోయిన బిల్లు రీడింగ్ తీసేస్తే 160 దాటి ఉంటే మిగతా పదిరోజులు ఇస్త్రీ బయట ఇవ్వడమే చౌక.

వంటిల్లు

బియ్యం దగ్గర మొదలుపెడదాం. సోనా మసూరి బస్తా మీద 26 కేజీలని రాసి ఉంటే ఆశ్చర్యపోకండి. 2022 జులై 18 నుంచి 25 కేజీల దాకా ఉన్న లేబుల్ ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది, అది తప్పించుకోవడానికి మిల్లర్లు ఒక కిలో ఎక్కువ పోసి అమ్ముతున్నారు. కాబట్టి బస్తా రేటు కాకుండా కిలో ఎంత పడిందో చూసుకోండి. ఐదు కిలోల ప్యాకెట్లు కొనుక్కునే అలవాటుంటే మానేయండి. చిన్న కుటుంబమైతే పక్కింటివాళ్ళతో కలిసి ఒక బస్తా తీసుకుని సగం సగం పంచుకోవచ్చు, పురుగు పట్టే భయం కూడా ఉండదు.

ఊళ్ళో రేషన్ కార్డులో మీ పేరుందా? వన్ నేషన్ వన్ రేషన్ కార్డు కింద ఆంధ్రా, తెలంగాణ కార్డు మీద కూడా ఇక్కడి రేషన్ షాపులో మీ వాటా తీసుకోవచ్చు, ఊళ్ళో ఉన్నవాళ్ళు తమ వాటా అక్కడ తీసుకోవచ్చు. అయితే కార్డు ఆహార భద్రతా చట్టం కింద ఉన్నదై ఉండాలి, కేవలం రాష్ట్రం ఇచ్చిన కార్డులకి ఇది పనిచేయదు. మనిషికి నెలకి 5 కేజీలు ఫ్రీ. ఆ బియ్యం అన్నానికి నచ్చకపోతే దోసెలకీ ఇడ్లీ రవ్వకీ బాగుంటాయి. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి తెల్లకార్డు ఉండదు గానీ, డెలివరీ, షోరూమ్, సెక్యూరిటీ, కాల్ సెంటర్ పనులు పోయిన మనవాళ్ళు ఇక్కడ వేలమంది ఉన్నారు, వాళ్ళకి ఇది పెద్ద సంగతే.

కూరగాయలు పది నిమిషాల్లో ఇంటికి తెచ్చే యాప్‌లలో కొనకండి. రేటు కాస్త అటూఇటూ ఉన్నా, హ్యాండ్లింగ్ చార్జీ, చిన్న ఆర్డరు చార్జీ, డెలివరీ చార్జీ అని ముప్పై నలభై పైన పడతాయి, అవి పడకూడదని అవసరం లేని చిప్స్ ప్యాకెట్ కలుపుతాం. హాప్‌కామ్స్ (ఇక్కడి తోటరైతుల సహకార సంఘం) దుకాణం దగ్గర్లో ఉంటే రోజూ కొద్దికొద్దిగా తెచ్చుకోవడానికి బాగుంటుంది. వారానికి సరిపడా అయితే మడివాళ మార్కెట్ లాంటి చోటికి రాత్రి పూట, అంగళ్ళు కట్టేసే వేళకి వెళ్ళండి. పొద్దున తూకం వేసి అమ్మిన టమాటాని అప్పటికి గోనెపట్టా మీద కుప్పలు పోసి, కుప్ప ఇంత అని అరుస్తుంటారు. పైన నాలుగు నిగనిగలాడుతుంటాయి, అడుగున మెత్తబడినవి ఉంటాయి. చేత్తో ఒకసారి కదిపి చూస్తే అమ్మేవాళ్ళు ఏమీ అనుకోరు. మెత్తబడినవి ఆ రాత్రే నువ్వులేసి పచ్చడి, గట్టివి ఫ్రిజ్‌లోకి. కన్నడలో "ఎష్టు" అని అడిగితే ఒక రేటూ ఇంగ్లీషులో అడిగితే ఒక రేటూ అని చెప్పుకుంటారు, అది నేను నమ్మను గానీ, రెండు ముక్కలు కన్నడ మాట్లాడితే కరివేపాకు రెబ్బ ఊరికే సంచిలో పడుతుంది.

వండుకునేది కూడా ఇక్కడి నేలలో చౌకగా దొరికేదాని వైపు తిప్పుకోవాలి. రాగులు ఇక్కడి పంట. రాయలసీమ వాళ్ళకి సంగటి కొత్తేం కాదు, కోస్తా వాళ్ళు మొదటి వారం మొహం ముడుస్తారు, పల్చటి పల్లీల పచ్చడో కోడిగుడ్డు పులుసో పక్కన ఉంటే అలవాటైపోతుంది. ఓట్స్, కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలు ఈ కాలంలో ఇంటికి రానక్కర్లేదు. చికెన్ మానేయమని చెప్పను, ఆదివారం కూడా పప్పే అంటే ఇంట్లో గొడవలు మొదలవుతాయి. మాంసానికి బదులు వారంలో రెండు రోజులు గుడ్డు పెట్టుకోండి చాలు.

ఊరి నుంచి పార్సిల్ తెప్పించుకునే అలవాటు మనకి ఎలాగూ ఉంది. ప్రైవేటు బస్సులో బియ్యం బస్తా వేయించుకుంటే, ఆ పార్సిల్ చార్జీ, కళాసిపాళ్యంలోనో ఇంకెక్కడో దింపుకున్నాక ఆటో ఖర్చు కలిపి ఇక్కడి రేటే పడుతుంది. కారం, కందిపప్పు, ఆవకాయ, నెయ్యి లాంటివి తెప్పించుకోండి, బరువు తక్కువ, ఇక్కడ ఖరీదు ఎక్కువ.

ఇంటర్వ్యూకో పని మీదో బయట తిరుగుతున్నప్పుడు మధ్యాహ్నం ఆకలేస్తే ఇందిరా క్యాంటీన్ ఉంది. టిఫిన్ 5 రూపాయలు, భోజనం 10. నామోషీ ఏమీ లేదు, వరసలో నిలబడేవాళ్ళలో టక్ చేసుకున్నవాళ్ళు కూడా ఉంటారు.

పనావిడ విషయం. ఒక్కసారిగా రేపటి నుంచి రావద్దు అని చెప్పకండి. ఆమెది కూడా ఉద్యోగమే, మనకి జరిగిందే ఆమెకి చేసినట్టవుతుంది. నెల ముందు చెప్పండి, లేదా అంట్లు మాత్రం ఉంచి మిగతా పనులు మనం చేసుకుంటే సగం జీతంతో పోతుంది.

తగ్గించకూడనివి

హెల్త్ ఇన్సూరెన్స్ మొదటిది. కంపెనీ గ్రూప్ పాలసీ మామూలుగా ఆఖరి పనిరోజుతో ముగిసిపోతుంది, ఆ సంగతి హాస్పిటల్ కౌంటర్లో తెలిసినవాళ్ళున్నారు. వెళ్ళేలోపే హెచ్‌ఆర్‌ని అడిగి పాలసీ కాపీ తీసుకుని, అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారతామని రాసి ఇవ్వండి. అలా మారితే గ్రూప్‌లో గడిచిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో (పాత జబ్బులకి క్లెయిమ్ రావాలంటే ఆగాల్సిన కాలంలో) కలుస్తుంది. అమ్మానాన్నలకి షుగరో బీపీయో ఉంటే ఇది చాలా ముఖ్యం. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత హెల్త్ పాలసీల మీద, టర్మ్ లైఫ్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ లేదు, ఆ మేరకు కొంచెం ఊరట. టర్మ్ పాలసీ ప్రీమియం నెలవారీ కట్టేవాళ్ళకి గడువు దాటాక ఇచ్చే గ్రేస్ 15 రోజులే అని గుర్తుంచుకోండి.

రోజూ వేసుకునే మందులు ఉంటే జనఔషధి (చౌకగా జెనరిక్ మందులమ్మే ప్రభుత్వ పథకం) కేంద్రంలో కొనండి. కంపెనీ పేరు కాకుండా మందు పేరు అడగాలి, మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టన్ అలా. స్ట్రిప్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, మోతాదు కూడా అదే ఉండాలి. జలుబు, జ్వరాలకి వార్డుల్లో ప్రభుత్వ నమ్మ క్లినిక్‌లు ఉన్నాయి, ఫ్రీ.

ఇంట్లో ఇంటర్నెట్ తీసేయకండి, ఇంటర్వ్యూ మధ్యలో హాట్‌స్పాట్ ఆగిపోతే పోయేది నెల బిల్లు కన్నా ఎక్కువ. ఇంట్లో పిల్లల గోల ఎక్కువైతే మూడు వందల కాఫీ కొనుక్కుని కూర్చునే బదులు కబ్బన్ పార్కులో ఎర్రగా కనిపించే స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళండి, ఎంతసేపు కూర్చున్నా ఎవరూ బిల్లు తేరు.

స్కూలు ఫీజు కట్టకుండా నాన్చడం కూడా వద్దు. గడువు ముందే ప్రిన్సిపాల్‌ని కలిసి నెలకింత అని అడగండి. వ్యాన్ మాత్రం మాన్పించొచ్చు, దింపి తీసుకురావడానికి ఇప్పుడు మీకు తీరిక ఉంది.

తిరగడం, ఊరెళ్ళడం

బీఎంటీసీ (బెంగళూరు సిటీ బస్సులు) మామూలు బస్సుల్లో 2023 జూన్ 11 నుంచి ఆడవాళ్ళకి టికెట్ లేదు, కానీ కర్ణాటక అడ్రసున్న గుర్తింపు కార్డు కావాలి. ఆధార్ ఇక్కడికి మార్చుకుంటే ఇక్కడ ఫ్రీ. మార్చుకోకపోతే ఆంధ్రాలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి కింద, తెలంగాణలో మహాలక్ష్మి కింద అక్కడ ఫ్రీ. రెండూ కావాలంటే కుదరదు, ఎక్కడ ఎక్కువ తిరుగుతారో చూసుకోండి. మగవాళ్ళకి ఆర్డినరీ రోజు పాసు 80 రూపాయలు, ఒకే రోజు మూడు నాలుగు చోట్లకి వెళ్ళాల్సి ఉంటే లాభం.

సంక్రాంతికి ఊరెళ్ళాలంటే ప్రైవేటు బస్సువాళ్ళు అడిగే రేటు మీకు తెలిసిందే. ప్రశాంతి, శేషాద్రి, కొండవీడు ఎక్స్‌ప్రెస్‌లలో స్లీపరు టికెట్ దానిలో నాలుగో వంతు కూడా ఉండదు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, ఆ రోజు పొద్దున ఎనిమిదికి కూర్చుంటే దొరికే అవకాశం ఉంది. పెళ్ళిళ్ళ సీజన్లో చదివింపులు ఒక పెద్ద పద్దు. దగ్గరివాళ్ళకి తప్పదు, మిగతావాళ్ళకి ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పండి, ఎవరూ పట్టించుకోరు.

రావాల్సిన డబ్బు

ఖర్చు తగ్గించడం ఎంతో, రావాల్సింది రాబట్టుకోవడం అంత. పీఎఫ్‌లో నెల దాటాక 75 శాతం, రెండు నెలలు దాటాక మిగతాది అన్నది ఏళ్ళుగా ఉన్న రూలు. 2025 అక్టోబర్‌లో పీఎఫ్ నడిపే ఈపీఎఫ్‌ఓ బోర్డు 75 శాతం వెంటనే, మిగతా 25 శాతం 12 నెలల తర్వాత అని మార్చాలని నిర్ణయించింది, క్లెయిమ్ పెట్టే రోజున పోర్టల్ ఏం చూపిస్తోందో చూసుకోండి. సర్వీసు ఐదేళ్ళు నిండకుండా 50 వేలకి మించి తీస్తే టీడీఎస్ (ముందే పట్టుకునే టాక్స్) కట్ అవుతుంది. నా మటుకు నాకు, బంగారం, ఎఫ్‌డీలు అయిపోయాకే పీఎఫ్ దాకా వెళ్ళాలి. జీతం 21 వేల లోపు ఉండి ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) కట్ అయినవాళ్ళయితే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన గురించి ఈఎస్‌ఐ ఆఫీసులో అడగండి. అర్హత ఉంటే 90 రోజుల వరకు సగటు జీతంలో సగం ఇస్తారు.

ఇన్‌కమ్ టాక్స్ రిఫండ్ సంగతి చాలామందికి తట్టదు. ఏడాదికి 24 లక్షల ప్యాకేజీ అనుకోండి, సెప్టెంబర్ ఆఖరుకి ఉద్యోగం పోయింది. ఆరు నెలలూ కంపెనీ 24 లక్షల లెక్కనే టీడీఎస్ పట్టుకుని ఉంటుంది, కొత్త టాక్స్ పద్ధతిలో లక్షా నలభై వేలకి పైనే. కానీ మీకు నిజంగా వచ్చింది 12 లక్షలు. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల వరకు టాక్స్ లేదు, మార్చిలోపు ఇంకే ఆదాయమూ రాకపోతే పట్టుకున్నదంతా రిటర్న్ వేశాక వెనక్కొస్తుంది. సెటిల్‌మెంట్ డబ్బు కూడా ఆదాయంలో కలుస్తుందని మర్చిపోకండి. మధ్యలో కొత్త ఉద్యోగం దొరికితే పాత జీతం, టీడీఎస్ వివరాలు ఫారం 12బీలో కొత్త కంపెనీకి ఇచ్చేయండి, ఇక్కడి నుంచి ఎక్కువ కట్ కాకుండా సర్దుతారు.

రిటర్న్ వేయడానికి ఫారం 16 (పట్టుకున్న టాక్స్‌కి కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్) కావాలి, అది వచ్చేది జూన్‌లో, అప్పటికి ఆఫీసు మెయిల్ ఉండదు. కాబట్టి ఆఖరి రోజు లోపే పీఎఫ్ యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు), ఇన్సూరెన్స్, టాక్స్ పోర్టల్ అన్నిట్లో సొంత మెయిల్, సొంత నంబరు పెట్టి, జీతం స్లిప్పులన్నీ డౌన్‌లోడ్ చేసుకోండి. ఆ రోజు ఇప్పటికే దాటిపోయుంటే హెచ్‌ఆర్‌కి సొంత మెయిల్ నుంచి రాసి అడగండి.